చదవడం వచ్చినవాళ్ల నేరం

ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ చదువుకున్నవాళ్లం ఒక తీర్పు చెప్పేస్తాం: జనం డబ్బుకీ పథకాలకీ ఓటేశారని. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు డబ్బు కవర్లు అందలేదని ఓటర్లు రోడ్డెక్కితే, ఆ వీడియోలు ఒకరికొకరం పంపుకుని ప్రజాస్వామ్యం పాడైపోయిందని వాపోయాం. రెండేళ్ల తర్వాత అసెంబ్లీ ఎన్నికల్లో, చదువుకున్నవాళ్లు కిక్కిరిసి బతికే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా పోలింగ్ బూత్ ముఖం చూడలేదు. ఆ సంగతి గురించి వీడియోలేమీ తిరగలేదు. జనం మీద తీర్పు చెప్పే అర్హత మనకు లేదని ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

పింఛను మీద బతికే పెద్దవాళ్లతో ఎన్నికల ముందు మాట్లాడినవారికి, జనం లెక్క చూసుకునే ఓటేస్తారని తెలుసు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్ నాలుగు వేలు అన్నదనీ, బీఆర్ఎస్ ఐదు వేల పదహారు అన్నా అది ఒక్కసారిగా వచ్చేది కాదు, ఏటా కొంత పెంచుకుంటూ పోయే లెక్క అనీ వాళ్లకు స్పష్టంగా తెలుసు. ఎవరి మాట నమ్మొచ్చో, ఎవరిది నమ్మలేమో కూడా వాళ్లకో అంచనా ఉంటుంది. తమ బతుకుకు సంబంధించిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని, రెండు పార్టీల మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఓటరు చేయాల్సిన పని అదే. మేనిఫెస్టోలో ఆ వాక్యానికి ముందూ వెనకా ఉన్న పేజీలు చదవాల్సింది మనం. ఖజానా లెక్క తెలిసినవాళ్లం, చట్టం భాష అర్థమయ్యేవాళ్లం, పత్రికల్లో రాసేవాళ్లం, క్లాసులో పాఠం చెప్పేవాళ్లం. మనం చదవలేదు.

ఎన్నికల రోజుల్లో మనం చేసిన పనులేమిటో గుర్తు చేసుకుందాం. ఏ నియోజకవర్గంలో ఏ కులం ఓట్లెన్ని అని లెక్కలు వేశాం. గాలి ఎటు వీస్తోందని చుట్టాలకు ఫోన్లు చేశాం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఫలితాల మీద పందేలు కాసినవాళ్లలో లెక్చరర్లూ ఉన్నారు, వ్యాపారులూ ఉన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పార్టీ జెండాలతో కార్ల ర్యాలీలు తీశారు, ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేసి ఎవరికి ఓటేయాలో చెప్పారు. ఇంత శ్రద్ధ, ఇంత డబ్బు, ఇంత సమయం వెచ్చించినవాళ్లం రెండు మేనిఫెస్టోలు దగ్గర పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చోలేకపోయాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగ్ అయితే వైఎస్సార్సీపీ మేనిఫెస్టో ఏప్రిల్ 27న, టీడీపీ కూటమి మేనిఫెస్టో ఏప్రిల్ 30న వచ్చాయి. ఐదు కోట్ల మంది ఐదేళ్ల భవిష్యత్తుకు రెండు వారాల గడువేమిటని మనలో ఎవరూ గట్టిగా అడగలేదు. నెలకెంత, ఏడాదికెంత అన్న అంకెలు మాత్రం ఏడాది ముందే, 2023 టీడీపీ మహానాడులోనే వచ్చేశాయి. మనం అంకెలు తప్ప ఇంకేదీ చూడమని పార్టీలకు బాగా తెలుసు.

కౌలు రైతు సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. 2018 మేలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు నాలుగు వేలు పట్టాదారుకు వచ్చాయి. ఆ పొలం దున్ని, విత్తనం వేసి, అప్పు చేసి, వాన రాకపోతే నష్టపోయే కౌలుదారుకు ఏమీ రాలేదు. ఊళ్లో భూమి ఉండి పట్నంలో ఉద్యోగం చేసుకునేవాళ్లలో మనమూ ఉన్నాం. ఆ సొమ్ము మన అకౌంట్లలోనూ పడింది. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ ఎకరానికి ఏడాదికి పదహారు వేల వరకూ తీసుకెళ్తామంటే, కాంగ్రెస్ పదిహేను వేలు ఇస్తామని, కౌలు రైతులకూ ఇస్తామని చెప్పింది. ఈ రెండింటి మధ్య ఉన్న అసలు తేడా ఆ వెయ్యి రూపాయలు కాదు. డబ్బు భూమికి ఇవ్వాలా, సేద్యానికి ఇవ్వాలా అన్నదే తేడా. ఆ ఎన్నికల్లో అంతకంటే పెద్ద విధాన ప్రశ్న ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. దాని మీద మనం ఎన్ని చర్చలు పెట్టాం? కౌలుదారును ఎలా గుర్తిస్తారు, కౌలు ఒప్పందం కాగితం మీద పెడితే భూమి పోతుందని భయపడే పట్టాదారును ఎలా ఒప్పిస్తారు, 2011 నాటి సాగుదారుల గుర్తింపు చట్టం ఉండగా కార్డులు ఎందరికి అందాయి అని ఏ పార్టీనీ నిలబెట్టి అడగలేదు. అడిగితే మన పట్టా సంగతి కూడా బయటికొస్తుంది. 2025 జనవరిలో రైతు భరోసా ఎకరానికి ఏడాదికి పన్నెండు వేలుగా ఖరారైనప్పుడు పదిహేను పన్నెండయిందన్న గొడవే అంతటా వినిపించింది. కౌలు రైతు జాబితాలో లేకుండా పోయిన సంగతికి అందులో పావు వంతు శబ్దం కూడా రాలేదు.

ఆంధ్రలో భూమి హక్కు చట్టం విషయంలో మన నిర్లక్ష్యం ఇంకోలా బయటపడింది. ఈ దేశంలో పట్టాగానీ రిజిస్టర్ దస్తావేజుగానీ హక్కుకు తిరుగులేని రుజువు కాదు, ఎవరైనా కోర్టులో సవాలు చేయొచ్చు. దాన్ని మార్చి, ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కి, గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తుది హక్కు అనే పద్ధతి తేవాలన్నది నీతి ఆయోగ్ నమూనా చట్టం ఉద్దేశం. మంచి ఉంది అందులో, ప్రమాదమూ ఉంది. చదువులేని రైతుకు తెలియకుండా గడువు దాటిపోతే? సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతే? ఆంధ్ర శాసనసభలో అదే ఉద్దేశంతో వచ్చిన బిల్లు నడిచినన్నాళ్లూ మనం దాన్ని చదవలేదు. 2023 అక్టోబరు చివర్లో అమల్లోకి వచ్చినప్పుడు కోర్టులు బహిష్కరించి రోడ్డు మీదికొచ్చిన న్యాయవాదుల మాట కూడా వినలేదు. ఎన్నికలొచ్చాక ఒక పక్క 'మీ భూములు లాగేసుకుంటారు' అన్నారు, ఇంకో పక్క 'కేంద్రం చెప్పిందే చేశాం' అన్నారు. పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, సర్వే రాయి మీద పేరు చూసి జనానికి అప్పటికే మండి ఉంది. ఆ మంటకు ఈ భయం తోడైంది. ప్రభుత్వం మారింది, చట్టం రద్దయింది. తగాదాలతో, దొంగ రిజిస్ట్రేషన్లతో నలిగిపోతున్న భూమి రికార్డుల సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ చట్టాన్ని సవరించాలా, పూర్తిగా పక్కన పెట్టాలా, దాని బదులు ఏం తేవాలి అని రెండు పక్షాలనూ ముందే అడిగి ఉంటే ఎన్నికల చర్చ భయం దగ్గర ఆగిపోయేది కాదు.

రుణమాఫీ కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వాగ్దానం ముందొచ్చింది, లెక్క తర్వాత మొదలైంది. గెలిచాక కోటయ్య కమిటీ వేశారు, కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టారు, విడతల వారీగా ఇస్తామన్నారు. విడతలు పూర్తికాకుండానే 2019లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ బాకీ తనది కాదంది. పార్టీ ఇచ్చిన మాట రాష్ట్రానికి బాకీ అవుతుందా కాదా అన్నది ఎంత పెద్ద ప్రశ్న! బ్యాంకుల్లో వ్యవసాయ రుణాల మొత్తమెంతో 2014 ఎన్నికలకు ముందే అందరికీ అందుబాటులో ఉంది. దాన్ని రాష్ట్ర బడ్జెట్ పక్కన పెట్టి చూసిన ఒక్క పట్టిక చాలు, కమిటీ తేల్చిన సంగతి ముందే తేలిపోయేది.

అడగడానికి ఆధారం లేదని చెప్పుకోవడానికీ వీల్లేదు. 2013 జులైలో సుప్రీంకోర్టు, మేనిఫెస్టో వాగ్దానాలు అవినీతి చర్యల కిందికి రావంటూనే, వాటికి మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. 2014 నుంచి ప్రవర్తనా నియమావళిలో ఒక మాట ఉంది: వాగ్దానం వెనకున్న హేతువేమిటో, దానికి డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో పార్టీలు స్థూలంగా చెప్పాలి. ఈ మాటను పట్టుకుని తెలుగునాట ఒక్క ఎన్నికలోనైనా మన సంఘాలు, మన పత్రికలు, మన బార్ అసోసియేషన్లు పార్టీలను గట్టిగా నిలదీశాయా? ఎన్నికలయ్యాక శ్వేతపత్రాలు వస్తాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2024 జులైలో ఆంధ్రలో వచ్చాయి. అప్పులు ఇన్ని లక్షల కోట్లా అని ఆశ్చర్యపోయాం. కాగ్ నివేదికలు, బడ్జెట్ పత్రాలు అంతకు ముందే అందరి ముందూ ఉన్నాయి.

ఇంకోచోట ఈ పని ఎలా జరుగుతోందో చూస్తే మన లోటు ఎంతదో తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో 1986 నుంచీ ప్రభుత్వ ఆర్థిక విశ్లేషణ సంస్థ ఒకటి, పార్టీలు తమంతట తాము ఇచ్చిన ప్రణాళికలకు ఎన్నికల ముందే లెక్కగట్టి, ఖజానా మీదా ఉపాధి మీదా వాటి ప్రభావం ఏమిటో ప్రజల ముందు పెడుతోంది. జర్మనీలో 2002 నుంచి వాల్-ఓ-మాట్ అనే ఏర్పాటు ఉంది. విధానాల మీద కొన్ని వాక్యాలు ఇస్తారు, వాటికి పార్టీలు ముందే జవాబులు రాసి ఇస్తాయి. ఓటరు తన జవాబులు పెట్టి, తనకు ముఖ్యమైన వాటికి ఎక్కువ బరువు ఇచ్చుకుని, ఏ పార్టీ తనకు దగ్గరో చూసుకుంటాడు. మన దక్షిణాదిలోనే, కేరళలో వామపక్ష ప్రభుత్వం మేనిఫెస్టోలో చెప్పినవాటిలో ఎన్ని చేశామో ఏటా ప్రోగ్రెస్ రిపోర్టు వేసింది. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఇంజనీర్లున్న జాతి మనది. ఇలాంటిది తయారు చేయడానికి మనకు చేతగాక కాదు. ఏ పార్టీకి ఓటేయాలో ముందే నిర్ణయించుకున్నాం కాబట్టి పోల్చే అవసరం కనబడలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మేనిఫెస్టోను ఎన్నికలకు ముందు తెరవనివాళ్లం, ఎన్నికలయ్యాక ఎదుటి పార్టీని కొట్టడానికి మాత్రం తెరుస్తాం. మన పార్టీ మాట తప్పితే పరిస్థితులు బాగోలేవంటాం, పక్క పార్టీ తప్పితే మోసమంటాం. 2019లో ఆంధ్రలో దశలవారీ మద్యనిషేధం చెప్పిన వైఎస్సార్సీపీ, అధికారంలోకొచ్చాక మద్యం మీద రాబోయే ఆదాయాన్ని చూపి బేవరేజెస్ కార్పొరేషన్ పేరున బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. దాన్ని ఎత్తిచూపినవాళ్లంతా అవతలి పార్టీవాళ్లే. ఆ పార్టీకి ఓటేసిన మనవాళ్లలో ఎందరు నోరు విప్పారు? తమ పార్టీ తప్పును తామే పట్టుకునేవాళ్లు లేకుండా పోయాక నిజం కూడా పార్టీ సొత్తు అయిపోయింది. ఏ ఛానెల్ చెప్పిందో చూసి ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకునే స్థితికి తెలుగు సమాజాన్ని తెచ్చింది మనమే.

మద్యం మాట వచ్చింది కాబట్టి నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోకుండా ఉండలేను. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దినవాళ్లు వాళ్లు. సారా గురించిన పాఠం చదివి, తమ ఇంటి కథ అందులో ఉందని గుర్తుపట్టి, ఊరు దాటి జిల్లా, జిల్లా దాటి రాష్ట్రం కదిలించారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ఎన్టీఆర్ ప్రధాన వాగ్దానమైంది. ప్రమాణ స్వీకారం రోజే ఆయన దాని మీద సంతకం పెట్టారు, 1995 జనవరిలో అమలైంది. పార్టీ మేనిఫెస్టోలో ఏముండాలో పార్టీకి చెప్పింది ఆ ఆడవాళ్లే. ఆ తర్వాత మన వంతు పని మిగిలింది: ఆబ్కారీ ఆదాయం పోతే ఖజానాలో ఆ లోటు దేనితో పూడుతుంది, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చే సరుకును ఎవరు ఆపుతారు, నిషేధం నిలబడాలంటే ఏం కావాలి అని లెక్కలు తీసి పార్టీల ముందు పెట్టడం. అది ఆర్థిక శాస్త్రం చదివినవాళ్ల పని, పరిపాలన తెలిసినవాళ్ల పని, పత్రికలవాళ్ల పని. మనం చేయలేదు. 1997లో ఆదాయం చాలడం లేదని నిషేధం ఎత్తేశారు. అక్షరాలు నేర్చుకుని ఆ ఉద్యమం నడిపిన ఆడవాళ్ల ఊళ్లలో మళ్లీ దుకాణాలు తెరుచుకున్నాయి. డిగ్రీలున్న మనం దాన్ని ఆర్థిక సంస్కరణ అనుకుని ఊరుకున్నాం.