5 వాట్లా, 8 వాట్లా అని కాదు... మీ యాంటెన్నా బండి బయట ఉందా?

ఆఫ్‌రోడ్ గ్రూపుల్లో ఈ మధ్య చాలా బళ్ళలో ఒక చిన్న చైనా రేడియో కనిపిస్తోంది. ఎక్కువగా బావ్‌ఫెంగ్ యూవీ-5ఆర్, లేదంటే పేరు మార్చుకున్న దాని తమ్ముళ్ళు. మంచి ఇయర్‌బడ్స్ కన్నా తక్కువ ధరకే వచ్చేస్తుంది. కొనేముందు అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "5 వాట్లది తీసుకోవాలా, 8 వాట్లదా?" నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. మూడు నాలుగు బళ్ళు కలిసి వెళ్ళేటప్పుడు మీ మాట చివరి బండికి చేరుతుందా లేదా అన్నది వాట్లు తేల్చవు, యాంటెన్నా ఎక్కడుందన్నది తేలుస్తుంది. రేడియో మీద మిగిల్చిన డబ్బు యాంటెన్నా మీద, ఒక స్పీకర్ మైక్ మీద పెట్టండి. వీటన్నిటికన్నా ముందు లైసెన్స్. ఆ సంగతి కింద చెప్తాను.

ముందు వాట్ల లెక్క చూద్దాం. 5 నుంచి 8 వాట్లకి వెళ్తే పెరిగేది 2 డెసిబెల్స్ మాత్రమే. అవతలి రేడియోలో సిగ్నల్ ఒక ఎస్-యూనిట్ పెరగాలంటే 6 డెసిబెల్స్ కావాలి, అంటే పవర్ 4 రెట్లు కావాలి. పైగా వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు మన చూపులాగే తిన్నగా పోతాయి. మారేడుమిల్లి ఘాట్‌లోనో, నల్లమల దారుల్లోనో ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమైన చోట ముందు బండి కొండ మలుపు తిరిగితే, మధ్యలో ఉన్న కొండ మీ 8 వాట్లని చూసి పక్కకి జరగదు.

ఇప్పుడు అసలు సమస్య. బండి అంటే నాలుగు వైపులా ఇనుము, మధ్యలో అద్దాలు. అందులో కూర్చుని రేడియోతో వచ్చిన రబ్బర్ యాంటెన్నాతో మాట్లాడితే, మీ సిగ్నల్‌లో చాలా భాగం బయటికి రావడానికే కష్టపడుతుంది. అదే రేడియోకి ఒక కేబుల్ తగిలించి, రూఫ్ మీద మ్యాగ్నెట్ మౌంట్ యాంటెన్నా పెట్టండి. తేడా చెవికి తెలిసిపోతుంది. 2 మీటర్ల బ్యాండ్‌కి పావు తరంగం పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. సన్నటి తీగ అంతే. దాని కింద ఉన్న ఇనుప రూఫే యాంటెన్నాలో మిగతా సగంలా పనిచేస్తుంది. అందుకే రూఫ్ మధ్యలో పెట్టినది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, బంపర్ పక్కన పెట్టినది ఒక వైపే బాగా వినిపిస్తుంది.

జిమ్నీ ఉన్నవాళ్ళకి ఈ పని సులువు. రూఫ్ ఇనుముదే, అయస్కాంతం అతుక్కుంటుంది. థార్ సాఫ్ట్ టాప్ వాళ్ళకి, ఫైబర్ టాప్ వేయించుకున్నవాళ్ళకి ఆ అవకాశం లేదు. బానెట్ అంచుకి స్క్రూలతో బిగించే లిప్ మౌంట్ తీసుకోవాలి. ఆ స్క్రూ పెయింట్‌ని దాటి లోపలి ఇనుముకి తగలాలి, కొత్త బండి మీద గీత పడుతుందని చూసుకుంటే పని జరగదు. చెట్ల కొమ్మలు తగిలే దారి అయితే అడుగున స్ప్రింగ్ ఉన్న యాంటెన్నా మేలు. మ్యాగ్నెట్ మౌంట్ మీద గట్టి కొమ్మ తగిలితే అది ఊడి, కేబుల్‌కి వేలాడుతూ డోర్‌ని కొడుతూ వస్తుంది.

కేబుల్ దగ్గర కక్కుర్తి పడకండి. చవక మ్యాగ్నెట్ మౌంట్లతో వచ్చే పెన్సిల్ ములుకంత సన్నటి కేబుల్ 3 మీటర్లు ఉంటే, వీహెచ్ఎఫ్‌లో దాదాపు అయిదో వంతు పవర్ అందులోనే పోతుంది. యూహెచ్ఎఫ్‌లో మూడో వంతు దాకా పోతుంది. 8 వాట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టి, ఆ ఎక్కువని ఈ తీగలో పోగొట్టుకోవడం ఏం తెలివి? ఇంకొకటి, యూవీ-5ఆర్‌కి యాంటెన్నా కొనేటప్పుడు ఎస్ఎమ్ఏ ఫిమేల్ అని ఉందో లేదో చూసుకోండి. మామూలుగా ఇంకో రకం పంపేస్తుంటారు, అది ఎక్కదు. కేబుల్ బరువంతా ఆ చిన్న కనెక్టర్ మీద పడకూడదు. బండి కుదుపులకి రేడియోలో ముందు పాడయ్యేది అదే. ఎస్ఎమ్ఏ నుంచి బీఎన్‌సీకి మార్చే చిన్న అడాప్టర్ పెట్టుకుంటే, పావు వంతు తిప్పితే యాంటెన్నా ఊడి వస్తుంది. దీని ఉపయోగం చివర్లో చెప్తాను.

రేడియోని ఎక్కడ పెట్టాలి? ఫోన్ హోల్డర్లలో మాత్రం వద్దు. రాళ్ళ దారిలో పావు కిలో బరువు ఊగుతుంటే వ్యాక్యూమ్ కప్ ఎక్కువసేపు ఆగదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే ప్యానెల్ మీద అసలే వద్దు, ప్రమాదంలో అది మీ ముఖం మీదికి వచ్చే రాయి అవుతుంది. డాష్‌బోర్డ్ మీద ఎండలో కూడా వద్దు, మన మే నెల ఎండలకి మూసిన బండిలో లిథియం బ్యాటరీని వదిలేయడం మంచిది కాదు. సీటు పక్కన కన్సోల్‌కి బిగించిన గట్టి క్లిప్, లేదా పక్క సీటు వైపు గ్రాబ్ హ్యాండిల్‌కి కట్టిన పౌచ్ చాలు. చేతిలోకి వచ్చేది స్పీకర్ మైక్ ఒక్కటే. డీజిల్ ఇంజన్ మోత, తెరిచిన కిటికీల్లో రేడియో సొంత స్పీకర్ వినపడదు. మైక్ భుజం దగ్గర, చెవికి దగ్గరగా ఉంటే వినపడుతుంది.

గాడ్జెట్లు ఇష్టపడేవాళ్ళకి ఒక మాట. డాష్‌క్యామ్, చవక యూఎస్‌బీ చార్జర్, ఎల్ఈడీ లైట్ బార్ — ఈ మూడూ వీహెచ్ఎఫ్‌లో రేడియో నాయిస్ పుట్టిస్తాయి. మీ రేడియో దూరంలో ఉన్న బండిని వినడం లేదంటే తప్పు రేడియోది కాకపోవచ్చు. స్క్వెల్చ్ సున్నాకి పెట్టి, దూరంగా ఉన్న బండిని సన్నగా వినిపించేలా మాట్లాడమని, ఒక్కో గాడ్జెట్ ప్లగ్ తీసి చూడండి. ఏది తీయగానే మాట తేటపడిందో దొంగ అదే.

సెట్టింగ్స్‌లో మూడింటిని మార్చండి. వాక్స్ ఆఫ్, లేకపోతే బండి మోతకే రేడియో దానంతట అదే మాట్లాడేస్తుంది. డ్యూయల్ వాచ్ ఆఫ్, లేకపోతే మీరు అనుకున్న చానల్‌లో కాకుండా ఇంకో దానిలో జవాబిస్తారు. టైమ్ అవుట్ 60 సెకన్లకి పెట్టండి, మైక్ సీటు కింద నొక్కుకుపోయినా మిగతావాళ్ళకి దారి తెరుచుకుంటుంది. అన్ని రేడియోలకీ ఒకే చానళ్ళ పట్టీని ఇంట్లోనే కంప్యూటర్‌లో చిర్ప్ సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకుంటే కొండ మీద మెనూలు తిప్పే బాధ ఉండదు.

ఇక లైసెన్స్. ఇక్కడే చాలా మందికి నాతో పేచీ. "అడవిలో ఎవరు చూస్తారండీ" అంటారు. ఈ రేడియో 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ప్రసారం చేయగలదు. అందులో హామ్‌లకి మన దేశంలో ఉన్నది 144-146, 434-438 మాత్రమే. మిగతా చోట్ల ఉండేది పోలీసులు, అటవీ శాఖ, ఇంకా ఎందరో. మీరు సరదాగా వాడిన చానల్‌లో ఎవరి అత్యవసర మాట ఆగిపోతుందో మీకు తెలియదు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ, వాకీటాకీలు అడ్డగోలుగా అమ్ముతున్నందుకు ఈ-కామర్స్ సైట్లకి నోటీసులు ఇచ్చింది. అంటే సైట్‌లో దొరికింది కాబట్టి చట్టబద్ధమే అనుకోవడానికి లేదు. ముందు డబ్ల్యూపీసీ ఇచ్చే హామ్ లైసెన్స్, తర్వాతే రేడియో. 12 ఏళ్ళు నిండితే పరీక్ష రాయొచ్చు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబర్ సునామీ సమయానికి ఆ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ పెట్టుకుని ఉంది. ఫోన్లు పోయిన అండమాన్ నుంచి బయటికి కబుర్లు చేరవేసింది వాళ్ళే. ఈ బ్యాండ్లు మన సరదా కోసం మాత్రమే కావని చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడుపుతూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. కాబట్టి మాట్లాడాల్సింది పక్క సీట్లోవాళ్ళు. వాళ్ళు మాట్లాడాలంటే వాళ్ళకీ లైసెన్స్ ఉండాలి. అంటే బండికి ఇద్దరు పరీక్ష రాయాలి. గొడవ ఎందుకు అనుకుంటే 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే, అనుమతి పొందిన లైసెన్స్-ఫ్రీ సెట్లు తీసుకోండి. వాటికి బయట యాంటెన్నా పెట్టలేరు, దూరం తగ్గుతుంది. వెనకా ముందూ వెళ్ళే రెండు బళ్ళకి అది చాలు. డబ్బు తీసుకుని టూర్లు నడిపేవాళ్ళకి మాత్రం హామ్ బ్యాండ్ పనికిరాదు, వ్యాపారానికి దాన్ని వాడకూడదు.

అమెరికాలో జీప్‌లు నడిపే మనవాళ్ళకి ఇంత తలనొప్పి లేదు. జీఎమ్ఆర్ఎస్ లైసెన్స్‌కి పరీక్ష లేదు, ఒకటి తీసుకుంటే కుటుంబమంతా 10 ఏళ్ళు వాడుకోవచ్చు. కానీ దానికి ఆ సర్వీసుకి అనుమతి ఉన్న సెట్టే కావాలి, హామ్ యూవీ-5ఆర్ కాదు.

"ఇంత చేసే బదులు 25 వాట్ల మొబైల్ రేడియో బిగించేస్తే పోదా?" అని అడగొచ్చు. ఏడాదంతా తిరిగేవాళ్ళయితే బిగించండి. నెలకోసారి వెళ్ళేవాళ్ళకి చేతిలో పట్టే సెట్టే మేలని నేను అంటాను, ఒక్క కారణం చాలు. వాగు దాటేటప్పుడో, బండరాళ్ళ మీద చక్రం పెట్టేటప్పుడో ఒకరు దిగి దారి చూపించాలి. నీళ్ళ చప్పుడు, ఇంజన్ మోత మధ్య చేతి సైగలు అర్థం కావు, అరుపులు వినపడవు. బిగించిన రేడియో బండిలోనే ఉండిపోతుంది. ఇది మాత్రం బీఎన్‌సీ తిప్పి కేబుల్ ఊడదీసి, పౌచ్‌లో ఉన్న రబ్బర్ యాంటెన్నా తగిలించుకుని దిగిపోవచ్చు. అందుకే ఆ రబ్బర్ యాంటెన్నాకి కూడా బీఎన్‌సీ అడాప్టర్ ముందే పెట్టి ఉంచండి. యాంటెన్నా లేకుండా మాత్రం పీటీటీ నొక్కొద్దు. దిగిన మనిషి దగ్గర లో పవర్ చాలు, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది.