యాభై దాకా బతకనిస్తే కదా!

మారుతీ 800 తొలి బండి తాళాలు 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీ వాసి ఒకరికి అందాయి. ఆ బండిని కంపెనీ తర్వాత బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. అదే కాలంలో కొని, ఏ కుటుంబమో నలభై ఏళ్లుగా కన్నబిడ్డలా సాకుతున్న అదే రకం బండి ఢిల్లీలో రోడ్డెక్కితే మాత్రం నేరం. ఇంటి ముందు వీధిలో నిలిపి ఉంచినా అధికారులు ఎత్తుకెళ్లి తుక్కు కేంద్రానికి అప్పగించవచ్చు.

జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్లు దాటిన బండ్లు ఢిల్లీలో తిరగరాదంది. 2015లో డీజిల్ బండ్లకు ఆ హద్దును పదేళ్లకు దించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను గట్టి చేసింది. 2025 జూలై 1 నుంచి బంకుల్లో కెమెరాలు పెట్టి, వయసు మీరిన బండికి చుక్క పెట్రోలు పోయవద్దన్నారు. జనం మండిపడటంతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు బలవంతపు చర్యలు వద్దని కాస్త ఊరట ఇచ్చింది. డిసెంబరు 17న ఆ ఊరటను బీఎస్-4, ఆ తర్వాతి కాలుష్య ప్రమాణాలకు తగిన బండ్లకే పరిమితం చేసింది. క్లాసిక్ అనదగ్గ బండ్లన్నీ బీఎస్-4కు ముందువే. అంటే కాపాడుకోవాల్సిన బండ్లే సరిగ్గా ఆ రక్షణకు బయట మిగిలాయి.

మరోవైపు కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో తీయవచ్చు. ఈ నిబంధనల్లో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు, ఆ 50 అనే అంకె తప్ప. పదిహేనో ఏట బండిని రోడ్డు మీంచి తరిమేసి, యాభయ్యో ఏట గౌరవిస్తామంటే నడుమ ఆ 35 ఏళ్లు అది ఎక్కడుండాలి? ఎన్‌ఓసీ తీసుకుని మరో రాష్ట్రానికి అమ్ముకోవాలి, షెడ్డులో తాళం వేసి ఉంచాలి, లేదా తుక్కుకు ఇవ్వాలి. కదలని ఇంజిన్‌లో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకుకు తుప్పు పడుతుంది, పిస్టన్లు పట్టేస్తాయి. ఏ పాత బండి మెకానిక్‌ని అడిగినా మొదట చెప్పేది, వారానికోసారైనా స్టార్టు చేసి నాలుగు కిలోమీటర్లు తిప్పమనే. చట్టం వద్దంటున్నది సరిగ్గా దాన్నే.

ఈ లెక్కలో బతికి బట్టకట్టేవి ఎవరి బండ్లు? 1970ల తొలినాళ్ల దాకా కారున్నది సంస్థానాధీశులకు, జమీందార్లకు, పెద్ద వ్యాపారులకు, ప్రభుత్వ శాఖలకు. వారి బండ్లకు యాభై నిండాయి. నిజాం రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిశ్చింతగా ఉంది, ఉండాలి కూడా. గుమస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు అప్పుచేసి కొనుక్కున్న 1980ల, 90ల మారుతీ 800, పద్మిని, కాంటెస్సా, మన కుర్రకారు ప్రాణం పెట్టుకున్న ఆర్‌ఎక్స్ 100 ఇంకా ఆ గడప ఎక్కలేదు. తొలి మారుతీకి యాభై నిండేది 2033లో. సామాన్యుడి వాహన చరిత్రను తుడిచేసి రాజుల చరిత్రను మాత్రం అద్దాల గదిలో పెట్టే విధానం ఇది. తెలుగు రాజకీయాలను మలుపు తిప్పిన 1982 నాటి చైతన్యరథం కూడా అప్పటికే పాతబడిన షెవర్లే వ్యానే. వయసు లెక్కపెట్టి ఎవరూ దాన్ని తుక్కు చేయలేదు కాబట్టే అది ఊరూరా తిరగగలిగింది.

ఢిల్లీ గాలి చంపుతోంది, అది నిజం. పిల్లల ఊపిరి ముందు ఎవరి సరదా అయినా చిన్నదే. రోజుకు వందల కిలోమీటర్లు తిరిగే పాత డీజిల్ లారీలను, ట్యాక్సీలను తప్పించాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ ఆదివారం పొద్దున ఓ గంట తిరిగే అంబాసిడర్‌నూ వాటినీ ఒకే గాటన కట్టడం కాలుష్య నియంత్రణ కాదు. చట్టం పొగను కొలవడం లేదు, తిరిగిన దూరాన్ని కొలవడం లేదు. ఆర్‌సీ మీద తేదీని మాత్రం చూస్తోంది.

మనకంటే కఠినంగా పెట్రోలును సాగనంపుతున్న దేశాలు ఈ తేడాను గుర్తించాయి. 2030 తర్వాత కొత్త పెట్రోలు కార్ల అమ్మకం ఆపుతామన్న బ్రిటన్, 40 ఏళ్లు నిండిన సొంత బండ్లను చారిత్రక వాహనాలుగా గుర్తించి రోడ్డు పన్ను తీసేసింది; లండన్ కాలుష్య రుసుము నుంచీ మినహాయించింది. జర్మనీలో 30 ఏళ్లకే ‘హెచ్’ ప్లేటు ఇస్తారు, పర్యావరణ మండలాల్లోకి రానిస్తారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా పెట్టుకున్న హద్దు కూడా 30 ఏళ్లే.

నిషేధం లేని తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికీ నిశ్చింత లేదు. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు, మోటార్‌సైకిల్‌కు 2,000. రుసుము సంగతి అలా ఉంచితే, బంకులో దొరికే పెట్రోలే ఈ బండ్లకు శత్రువుగా మారింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, గ్యాస్కెట్లను తినేస్తుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలిపి ఉంచిన బండిలో ట్యాంకు, కార్బ్యురేటర్ చెడిపోతాయి. ఈ ముప్పు తెలిసే, పాత బండ్ల కోసం 10 శాతం మిశ్రమాన్ని అందుబాటులో ఉంచాలని నీతి ఆయోగ్ 2021 నివేదికే సూచించింది. బ్రిటన్ 2021లో 10 శాతానికి మారినప్పుడు 5 శాతం పెట్రోలును పాత బండ్ల కోసం ఉంచింది. మన చమురు కంపెనీలు సామాన్యుడికి ఆ అవకాశమే మిగల్చలేదు. సొంత నిపుణులు రాసిచ్చిన జాగ్రత్తను పక్కనపెట్టినందుకు కేంద్రం జవాబు చెప్పాలి.

వింటేజ్ నిబంధనలు నోటిఫికేషన్‌తో వచ్చాయి. 50 స్థానంలో 30 అని మార్చడానికీ మరో నోటిఫికేషన్ చాలు. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే తిరగాలని హద్దు పెట్టండి, ఏటా పొగ పరీక్ష తప్పనిసరి చేయండి, మాట తప్పినవారి నంబరు రద్దు చేయండి. నిజంగా బండిని ప్రేమించేవారెవరూ కాదనరు. జిల్లాకొక బంకులోనైనా 10 శాతం మిశ్రమం అమ్మించండి. ఢిల్లీ విషయంలో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లి, 30 ఏళ్లు దాటి యజమాని శ్రద్ధగా కాపాడుకుంటున్న బండ్లను వేరుచేసి చూడమని అడగాల్సింది కూడా కేంద్రమే. ఈలోగా తుక్కు కేంద్రాలకు చేరుతున్న ప్రతి పాత బండినీ నలగ్గొట్టే ముందు, అలాంటివి దేశంలో ఇంకెన్ని మిగిలాయో చూసే నిపుణుడొకరు అక్కడ ఉండాలని రవాణా శాఖ ఆదేశించాలి. దానికి కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు.