వాన లెక్క ఎవరి చేతిలో ఉంది?

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. కరువు మీద వచ్చే నివేదికలు చాలావరకు ఈ అంకెతోనే మొదలవుతాయి. రైతుకు మాత్రం దీంతో పెద్దగా పని లేదు. వేరుశనగ పూతకొచ్చాక ఊడలు నేలలోకి దిగాలి. ఆ రోజుల్లో ఎర్రనేల పైపొర ఎండి గట్టిపడితే ఊడ మొన మట్టిని తాకి అక్కడే ఆగిపోతుంది. ఆగస్టులో మూడు వారాలు చినుకు రాలక, సెప్టెంబరు చివర రెండు రోజులు కుండపోతగా కురిస్తే కాగితం మీద ఏడాది లెక్క సరిపోతుంది, చెట్టు పీకి చూస్తే కాయలుండవు. వాతావరణ మార్పు ఇక్కడ చేస్తున్న నష్టాన్ని పట్టుకోవాలంటే సగటులో కాదు, వానకీ వానకీ మధ్య ఎడంలో వెతకాలి. ఆ ఎడాన్ని ఎవరు కొలుస్తున్నారు, ఆ కొలత ఎవరికి అందుతోంది అన్నదే ఈ మెట్టసీమలో పర్యావరణ న్యాయానికి సంబంధించిన అసలు ప్రశ్న.

ఎందుకంటే డబ్బు ఆ కొలత మీదే నడుస్తుంది. వర్షపాతాన్ని బట్టి పరిహారం ఇచ్చే బీమాను 2003లో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, బీమా సంస్థ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో మొదలుపెట్టాయి. తర్వాత అది అనంతపురానికీ వచ్చింది. ఈ రెండు జిల్లాల పల్లెల్లో దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలకు విచిత్రమైన సంగతి కనిపించింది. నష్టానికి ఎక్కువగా భయపడే కుటుంబాలే బీమా తక్కువగా కొన్నాయి. చేతిలో డబ్బాడని ఇళ్లూ దూరంగానే ఉండిపోయాయి. అంటే ఎవరికి అవసరమో వాళ్లకే అందలేదు. దీన్ని రైతు అజ్ఞానం అనడం తేలిక. కానీ పరిహారం తేల్చేది అతని పొలం కాదు, మైళ్ల దూరంలోని వర్షమాపకం. అక్కడ కురిసి ఇక్కడ కురవకపోతే అతనికి పైసా రాదు. తనకు కనపడని లెక్క మీద పందెం కాయడానికి అతను వెనకాడాడు, అది తెలివైన పనే. ఇక కౌలు రైతు సంగతి చెప్పక్కర్లేదు. పంట అతనిది, పాస్‌బుక్ ఇంకొకరిది.

లెక్క రైతు చేతికొస్తే ఏమవుతుందో తెలియని విషయమేమీ కాదు. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో రైతుల యాజమాన్యంలో భూగర్భజలాల పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో అనంతపురం ఒకటి. ఊరివాళ్లే వర్షమాపకం చూసి వాన రాసుకునేవారు, బోర్లలో నీటిమట్టం కొలిచేవారు. ఖరీఫ్ అయ్యాక అందరూ కూర్చుని కింద ఎంత నీరుంది, రబీలో ఎవరు ఏం వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు పడుతుంది అని లెక్క వేసేవారు. లోటు గోడ మీద అంకెల్లో కనిపించేది. నిషేధం లేదు, సబ్సిడీ లేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గింది, తక్కువ నీటి పంటలు పెరిగాయి. ఈ సంగతిని 2010లో ప్రపంచబ్యాంకు నివేదిక కూడా గుర్తించింది. బోర్లకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కాగితం మీద ఇంతకన్నా చాలా బలమైనది. అయినా రిజిస్టరులో చట్టం, పొలంలో కొత్త బోరు రెండూ పక్కపక్కనే సాగిపోయాయి.

రైతుకు కొలత ఇస్తే పరిహారం కోసం అంకెలు మారుస్తాడని అధికారుల అనుమానం. నలుగురూ చూసే గోడ మీద రాసిన అంకెను మార్చడం ఆఫీసు ఫైల్లో అంకెను మార్చినంత సులువు కాదు. పైగా ప్రభుత్వ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కతో ఎప్పటికప్పుడు సరిచూసుకోవచ్చు. ప్రాజెక్టు పోతే అలవాటూ పోతుందన్న మాటలో నిజముంది. అది కొలతను ప్రాజెక్టుకు ముడిపెట్టినందుకు వచ్చిన చిక్కు. హంద్రీ-నీవా కాలువ ఉండగా ఇదంతా ఎందుకంటారు మరికొందరు. 2012లో కృష్ణా నీరు జీడిపల్లి జలాశయానికి చేరింది, సంతోషం. కాలువ నీరు ఎక్కని మెట్టచేలకు మాత్రం ఈనాటికీ వానే దిక్కు. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది: కొలిచినంత మాత్రాన వాన పడదు, ధర పెరగదు. ఒప్పుకోవాల్సిందే. జిల్లాలో ఒక దశలో ఇరవై లక్షల ఎకరాల దాకా వేరుశనగ ఒక్కటే పరుచుకోవడానికి కారణం వాతావరణం కాదు. నూనెగింజలను ప్రోత్సహించిన విధానాలు, మార్కెట్టు, గింజ చల్లితే నాలుగు డబ్బులొస్తాయన్న ఆశ. నష్టాన్నంతా వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తే ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లు జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు. ఏ నష్టం ఆకాశం చేసింది, ఏది మనుషులు చేశారు అని విడదీసి అడగాలన్నా రైతు దగ్గర తన ఊరి లెక్క ఉండాలి.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం మూడూ అనంతపురంలోనే ఉన్నాయి. కరువు మీద పరిశోధన చేసే ప్రతి విద్యార్థీ తాను సమాచారం తీసుకున్న ఊరికి దాన్ని తెలుగులో, ఒక్క పేజీలో తిరిగి అప్పగించాలని ఈ మూడూ నిబంధన పెట్టాలి. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఆ వారం వాన, ఊరి బోర్ల నీటిమట్టం రాయించే పని ప్రభుత్వం చేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే ఖరీఫ్ దాకా ఆగాల్సిన పనీ లేదు.