మగతనం మీద పుల్లరి

పలనాడులో మగవాణ్ణి నొప్పించాలంటే బూతులు అక్కర్లేదు. "నీకు పౌరుషం లేదురా" అంటే చాలు. తిట్టిన వాడు మరచిపోయినా, పడ్డవాడు పదేళ్లు గుర్తుపెట్టుకుంటాడు. ఈ నేల మీద ఆ మాట వయసు ఎనిమిది వందల ఏళ్లు. కారెంపూడి రణక్షేత్రం నుంచి, శ్రీనాథుడి కావ్యం నుంచి, వీరుల గుడి ముందు కథ పాడే వీరవిద్యావంతుల గొంతుల నుంచి అది మనదాకా వచ్చింది. 1994లో 'పల్నాటి పౌరుషం' పేరుతో సినిమా కూడా వచ్చింది. మాట మారలేదు. మాట లోపలి సరుకు మారింది. ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, దానికి మనం ఎంత చెల్లిస్తున్నాం అన్నదే ఈ సంపాదకీయం.

1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకీ గుళ్లకు బలయ్యాడు. చేసిన నేరం పుల్లరి కట్టను అనడం. అడవిలో పశువులు మేసినందుకు సర్కారు వేసిన పన్ను అది. గడ్డి సర్కారు మొలిపించలేదు, వాన సర్కారు కురిపించలేదు, తాతల నాటి నుంచీ ఆ అడవే పశువుకు మేత, పొయ్యికి పుల్ల. ఉన్నదానికి మళ్లీ డబ్బు కట్టమంటే హనుమంతు ఊరందరితో కలిసి కాదన్నాడు. పలనాటి పౌరుషానికి ఆధునిక కాలంలో ఇంతకన్నా పెద్ద అర్థం మాకు కనిపించదు. అందులో మీసం లేదు, కత్తి లేదు. న్యాయం కాని బాకీని ఒప్పుకోకపోవడం ఉంది.

ఆ పుల్లరి సత్యాగ్రహంలోనే అరెస్టయి జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ, జైల్లో 'మాలపల్లి' నవల రాశారు. ఆయన పుట్టిన వేములూరుపాడు ముప్పాళ్ళకు దూరమేమీ కాదు. 1922లో అచ్చయిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులో రామదాసు కొడుకు సంగదాసును భూస్వామి పొట్టన పెట్టుకుంటాడు. రామదాసు పగ పట్టడు. కూలబడిపోడు కూడా. మనిషి నిబ్బరానికి అంత నిండైన బొమ్మను తెలుగు నవల మళ్లీ గీసిందా అన్నది అనుమానమే. తుపాకీకి లొంగనివాడు ఒకరు, పగకు లొంగనివాడు ఒకరు. ఇద్దరూ ఒకే ఉద్యమం నీడలో పుట్టినవాళ్లు.

అదే 1922లో అమెరికాలో సింక్లెయిర్ లూయిస్ 'బాబిట్' అనే నవల అచ్చు వేశాడు. నలభై ఆరేళ్ల జార్జ్ బాబిట్ ఇళ్ల స్థలాలు అమ్మే వ్యాపారి. నిద్ర లేపే గడియారం దగ్గర నుంచి ఎక్కే మోటారు దాకా అతనికి ప్రతి వస్తువూ తన పెద్దమనిషి తనానికి సాక్ష్యం. దేశమంతా ప్రకటనలు వచ్చే సరుకు తన ఇంట్లో ఉందంటే తనూ దేశమంత గొప్పవాడే అనుకుంటాడు. ఒకసారి ఎదురు తిరగబోతాడు, తోటివాళ్లు వెలివేస్తారన్న భయంతో మళ్లీ గూటికి చేరతాడు. లూయిస్ 1930లో నోబెల్ అందుకున్న తొలి అమెరికన్ రచయిత అయ్యాడు. ఒకే ఏడు పలనాడులో ఒక మగవాడు కట్టనని ప్రాణం ఇస్తే, అమెరికా నవలలో ఇంకో మగవాడు కొంటూ కొంటూ ప్రాణం లేకుండా బతికాడు. అప్పట్లో ఈ రెండు లోకాల మధ్య సముద్రాలు ఉన్నాయి. ఇప్పుడు లేవు.

సత్తెనపల్లి, నరసరావుపేటల నడుమ ఉన్న ముప్పాళ్ళకు వెళ్లి చూడండి. సెంటర్లో ఫ్లెక్సీలు. నల్లకళ్లద్దాలు, మెలేసిన మీసం, వెనక సినిమా హీరో, పక్కన నాయకుడు, కింద ఊళ్లోని కుర్రాళ్ల ఫొటోలు వరసగా. పుట్టినరోజుకు ఒకటి, సినిమా విడుదలకు ఒకటి, బండలాగుడు పోటీలో గెలిచిన ఎడ్ల జతకు ఒకటి. ఒకప్పుడు ఎడ్లు దున్నేవి కాబట్టి రైతుకు గర్వం. ఇప్పుడు దున్నకం ట్రాక్టరుకు పోయింది, లక్షలు పోసి పెంచే ఆ జతకు గర్వం ఒక్కటే పని. మాకు తెలిసిన కౌలు రైతు కొడుకు ఒకడున్నాడు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. మిరప ధర పడిపోయిన ఏడే వాయిదాల మీద పెద్ద బండి తెచ్చాడు. "ఇప్పుడు బండి అవసరమా అబ్బాయ్?" అన్నాం. "పాత బండి మీద తిరిగితే మనిషి కింద లెక్కేయరు బాబాయ్" అన్నాడు. వాడి గొంతులో పొగరు లేదు, భయం ఉంది. ఆ భయాన్నే ఈ పత్రిక గౌరవంగా వినాలనుకుంటోంది.

అమెరికన్ సాహిత్యం ఈ భయాన్ని వందేళ్లుగా వింటోంది. 1925లో వచ్చిన 'ది గ్రేట్ గాట్స్‌బీ'లో నాయకుడు పుట్టింది నార్త్ డకోటాలో చితికిపోయిన రైతు ఇంట. పదిహేడేళ్లకే కన్నవాళ్లు పెట్టిన పేరు వదిలేసి కొత్త పేరు తగిలించుకున్నాడు. భవనం కొన్నాడు, విలాయతీ చొక్కాలు గుట్టలుగా పోసి ప్రేమించిన మనిషికి చూపించాడు. అతని అంత్యక్రియలకు దూరపు ఊరి నుంచి ముసలి తండ్రి వస్తాడు. కొడుకు పంపిన ఆ భవనం ఫొటో ఆయన జేబులో ఉంటుంది, పదిమందికీ చూపించి చూపించి నలిగిపోయి. ఎదురుగా అసలు భవనమే ఉన్నా ఆయనకు ఆ ఫొటోయే నిజం. డాలస్‌లో కొడుకు కొన్న ఇంటిని సెల్‌ఫోన్లో చూపించే తండ్రులు మన పలనాడు పల్లెల్లో ఎందరో. ఆ సంతోషాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ ఆ ఇంటి వాయిదాల కింద కొడుకు ఎలా ఉన్నాడో ఆ ఫొటోలో కనపడదు.

ఈ వరసలో మన గుండెకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఆర్థర్ మిల్లర్ 1949లో రాసిన నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'. విల్లీ లోమన్ ఊళ్లు తిరిగి సరుకు అమ్మే మనిషి. ఇంట్లో ఫ్రిజ్జుకు వాయిదా, ఇంటి కప్పు బాగుకు బాకీ, కారు మరమ్మతుకు బాకీ. ఆ ఫ్రిజ్జు కొన్నది మంచిదని తెలిసి కాదు, దాని ప్రకటన పెద్దగా కనిపించిందని. బాకీ తీరేలోపే వస్తువు అరిగిపోతుంది. భార్య లిండా ప్రతి వారం ఆ లెక్క మెత్తగా చదివి వినిపిస్తుంది, ఎక్కడా మొగుడి మనసు నొప్పించకుండా. నిజానికి విల్లీ చేతుల్లో పనితనం ఉంది. అమ్మిన సరుకంతటిలో కన్నా సిమెంటు కలిపి ఇంటి ముందు కట్టుకున్న మెట్లలోనే అతను ఎక్కువ ఉన్నాడని చివర్లో కొడుకే అంటాడు. పిచ్చి ముదిరిన రాత్రి విల్లీ చేసిన పని ఏమిటో తెలుసా? టార్చిలైటు పట్టుకుని, ఎండ తగలని పెరట్లో విత్తనాలు నాటడం. పలనాటి పాఠకుడు ఆ చోట చదవడం ఆపి తలెత్తి చూస్తాడు. ఆ మనిషి తనకు తెలిసినవాడే.

ఆ తరువాత విల్లీ కారెక్కి వెళ్లి ప్రాణం తీసుకుంటాడు, బీమా సొమ్ము 20,000 డాలర్లు ఇంటికి వస్తుందని. బతికున్న తనకన్నా చచ్చిన తనకే విలువ ఎక్కువని లెక్క వేసుకున్నాడు. ఇక్కడ మనం కాసేపు ఆగాలి. 2004లో మన ప్రభుత్వం జీవో 421 తెచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50,000. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిహారం 7 లక్షలైంది. కొంప కూలిన ఇంటికి ఆ డబ్బు కావాలి, అందాలి. కానీ ఆ మనిషి బతికుండగా పంట ధర దగ్గర, విత్తనం కొట్టు దగ్గర, బ్యాంకు కిటికీ దగ్గర ఎవరూ అతనికి ఆ విలువ కట్టలేదు. కౌలు రైతుకు కార్డు ఇవ్వాలన్న 2019 చట్టం సైతం భూమి యజమాని సంతకం అడిగింది. అందుకే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాం. రైతు అప్పుకు మూలం బండీ కాదు, ఫ్లెక్సీ కాదు. సాగు ఖర్చు, గిట్టని ధర, రాతలో లేని కౌలు. అయితే ఆ అప్పు గురించి నోరు విప్పనివ్వనిది మాత్రం మగతనం గురించి మనం అల్లుకున్న అబద్ధం. పెళ్లాం దగ్గర అప్పు చెప్పుకుంటే చిన్నతనం, ఊళ్లో తగ్గితే చిన్నతనం. మనిషి తనలో తను కుమిలిపోవడానికి ఆ ఒక్కటి చాలు.

ఇదంతా అమెరికా నుంచి దిగుమతి అయిన జబ్బు అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 1920ల మొదట్లోనే కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం రాశారు. కట్నం బేరం భరించలేక కాళింది చనిపోతుంది. చెల్లెలు కమల అదే పెళ్లికొడుకును చేసుకుని అత్తారింటికి వెళ్లనంటుంది. డబ్బిచ్చి కొన్నాం కాబట్టి మగడే మా ఇంట ఉండాలంటుంది. మగవాణ్ణి సరుకు చేసిన సమాజానికి, సరుకు చట్టమే వర్తింపజేసి చూపించింది ఆ పిల్ల. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా పెళ్లిచూపుల్లో ఇప్పటికీ ఎకరాలకు, ఉద్యోగానికి, అమెరికా వీసాకు వేరువేరు ధరలు. కొడుకుకు రేటు కట్టే తండ్రి, ఆ కొడుకు రేపు తన విలువను బండి ధరతో కొలుచుకుంటే తప్పు పట్టలేడు.

మన కుర్రాళ్లు ఎక్కువగా ఇష్టపడే అమెరికన్ కథ 'ఫైట్ క్లబ్'. చక్ పాలనిక్ నవల 1996లో, సినిమా 1999లో వచ్చాయి. కేటలాగు చూసి ఇల్లు నింపుకున్న పేరులేని గుమాస్తా, ఆ బతుకు మీద రోతపుట్టి రాత్రిళ్లు ముష్టియుద్ధాల్లో మగతనం వెతుక్కుంటాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ తిరుగుబాటు మనుషులు చివరికి సబ్బు తయారుచేసి పెద్ద దుకాణాలకే అమ్ముతారన్నది, తలలు ఊపే బంటుల గుంపుగా మారతారన్నది గమనించరు. కొనడం మీద కోపంతో కొట్టడానికి దిగితే, కొట్టడం కూడా మరో సరుకవుతుంది. మన తెరమీద తెగే తలలు, తొడగొట్టే చప్పుళ్లు, వాటికి పలనాడు పేరు తగిలించడం అలాంటి వ్యాపారమే. బ్రహ్మనాయుడి చాపకూడును, అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టిన ధైర్యాన్ని ఎవరూ పోస్టరు వెయ్యరు. కోడిపందెంలో రాజ్యం ఒడ్డిన కథనే మళ్లీ మళ్లీ అమ్ముతారు.

తెలుగు నవలకు ఓడిపోయిన మగవాణ్ణి చూసే చూపు లేకపోలేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశ ప్రతిష్ఠ కోసం ఆస్తి కరగబెట్టుకుని కుప్పకూలాడు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య భయానికే శరీరం వచ్చినట్టుంటాడు. కానీ వాయిదాల మీద పౌరుషం కొనుక్కుంటున్న మిరప రైతు కొడుకు ఇంకా మన నవలలోకి రాలేదు. మిరప టిక్కీల లెక్క, ఎరువుల కొట్టు అరువు, గుంటూరు యార్డులో ధర విన్నప్పటి తండ్రి మొహం, ఆ సాయంత్రం కొడుకు సెల్‌ఫోన్లో వెలిగే వాయిదా గుర్తుచేసే సందేశం, ఇవన్నీ ఒకే కథలో ఉండాలి. అది అమెరికాలో ఎవరూ రాయలేరు. ఇక్కడివాళ్లే రాయాలి.

పుల్లరి పోలేదు. ఒకప్పుడు గడ్డి మీద వేశారు, ఇప్పుడు మగతనం మీద వేస్తున్నారు. పుట్టుకతోనే మనదైన గౌరవానికి నెలనెలా వాయిదా కట్టించుకుంటున్నారు. దాన్ని కట్టనని చెప్పగలవాడే ఈనాటి హనుమంతు. అతను చెయ్యవలసిన మొదటి పని రోడ్డెక్కడం కాదు. ఇంట్లో దీపం దగ్గర కూర్చుని "మనకు ఇంత బాకీ ఉంది" అని అమ్మానాన్నల ముందు, పెళ్లాం ముందు నోరు తెరవడం.

ముప్పాళ్ళలో ఆ కుర్రాడి తల్లి కొడుకు పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో ఇంటి బాకీలన్నీ రాసుకుంటుంది. కొట్టు అరువు, కూలీల బాకీ, తాకట్టు పెట్టిన గొలుసు మీద వడ్డీ, బండి వాయిదా. ఆ పుస్తకాన్ని ఇప్పటిదాకా ఇంట్లో ఏ మగవాడూ తెరిచి చూడలేదు. తెరవండి అని ఇళ్లలోని మగవాళ్లనూ, రాయండి అని రచయితలనూ అడుగుతున్నాం.