నాన్న ఇరవై అయిదు దాటేవారు కాదు

మా చిన్నప్పుడు సత్యనారాయణపురంలో నాన్న స్కూటరు మీద ఒక జోకు ఉండేది. ముందు సైకిలు వెళ్తుంటే నాన్న హారన్ కొట్టరట, ఆ సైకిలాయన ఇంటికి చేరేదాకా వెనకాలే వెళ్తారట! స్పీడోమీటరు ముల్లు ఇరవై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయేది. నేను ముందు నిలబడేవాణ్ణి. చెల్లి నాన్నకీ అమ్మకీ మధ్య ఇరుక్కునేది. పక్కనుంచి అందరూ దూసుకుపోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. 'కొత్తలో ఇలా కాదు, బాగానే నడిపేవారు. తర్వాత్తర్వాత నెమ్మదించారు' అనేది అమ్మ.

ఆ బండి 1988 నాటి బజాజ్ చేతక్. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకుని 1972లో వచ్చిన చేతక్‌కి మన దేశంలో ఎంత గిరాకీ ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. పెళ్లి మాటల్లో స్కూటరు ప్రస్తావన రాని ఇల్లు తక్కువ. అలాంటి కంపెనీయే 2009 చివర్లో స్కూటర్ల తయారీ మానుకుంటున్నట్టు చెప్పింది. 2020లో అదే పేరుతో బ్యాటరీ బండి తెచ్చిందనుకోండి, అది వేరే కథ.

మా నాన్న కూడా 2009లోనే కంటి ఆపరేషన్ తర్వాత బండి ఆపేశారు. అప్పట్నుంచీ అది వరండా మూల పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. సీటు మీద కరివేపాకు కుండీ, ఫుట్‌బోర్డు మీద పిల్లి కాపురం.

పోయిన వేసవిలో మా ఆవిడ 'ఇంకెన్నాళ్లండీ' అంది. పాత ఇనప సామాన్ల అతను వచ్చి, చుట్టూ తిరిగి, తూకం లెక్కన రెండున్నర వేలన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ పూట మాత్రం పేపర్లో ఒకే పేజీని గంటసేపు చదివారు. అది చూశాక, 'నాన్నా, మనమే బాగుచేద్దామా?' అన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వెళ్లి దుప్పటి లాగేశారు.

అలా మొదలైన పని పదకొండు ఆదివారాలు పట్టింది.

మొదటి సమస్య ఇంజను. కిక్ రాడ్డు మీద నేను ఎక్కి నిలబడ్డా కదల్లేదు. ఇన్నేళ్లు కదలకుండా ఉండేసరికి పిస్టన్ సిలిండరుకి అతుక్కుపోయింది. నాన్న ప్లగ్గు విప్పించి, ఆ కన్నంలో కిరోసిన్, ఇంజనాయిలు కలిపి పోయించారు. 'వారం దాకా ముట్టుకోకు' అన్నారు. వారం తర్వాత ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపితే వదిలింది. విప్పి చూస్తే సిలిండరు గోడల మీద గీతలు. మా వీధి చివర షెడ్డు మేస్త్రీ చేతికిస్తే, బోరు కొట్టించి కొంచెం పెద్ద పిస్టన్ వేశాడు.

పెట్రోలు ట్యాంకు అమ్మ వాటా. లోపలంతా తుప్పు. ఇత్తడి బిందెలు తోమినావిడకి తుప్పొక లెక్కా! చింతపండు పులుసు చిక్కగా పిసికి ట్యాంకులో పోసి, నాలుగు పాత నట్లు వేసి, రెండ్రోజులు ఉంచి కుదిపాం. చింతపండులోని పులుపు తుప్పుని తినేస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి. లేకపోతే మళ్లీ పడుతుంది.

అసలు పని ఫుట్‌బోర్డు దగ్గర పడింది. అక్కడ అరచేయంత చిల్లు. ఎప్పుడో నాన్న నూనె డబ్బా రేకు కత్తిరించి, రివెట్లు కొట్టి మూసేశారు. ఈ మాటు అది చాలదు. ఎందుకంటే ఈ బండికి మోటారు సైకిలుకున్నట్టు లోపల పైపుల చట్రం ఉండదు. రేకే చట్రం. చేతక్‌కి మూలం ఇటలీ వెస్పా. 1946లో వచ్చిన ఆ వెస్పాని గీసిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజనీరు. రేకు ఒంపులే బరువు మోసేలా తయారుచేశాడు. కాబట్టి ఫుట్‌బోర్డు పుచ్చిపోయిందంటే బండి నడుమే పుచ్చినట్టు. మేడ మీద పడున్న పాత బీరువా తలుపు గుర్తొచ్చింది. దాని రేకు కోసి, కుళ్లిన భాగమంతా తీసేసి, గట్టి రేకు దొరికేదాకా వెళ్లి వెల్డింగ్ చేయించాం. మా అమ్మమ్మ పట్టుచీరలు దాచుకున్న బీరువా ఇప్పుడు నా కాళ్ల కింద ఉంది.

మిగతా సామాన్ల కోసం ఆటోనగర్ వెళ్లాం. బెజవాడ ఆటోనగర్లో లారీకి పుట్టుక నుంచి చావు దాకా అన్నీ జరుగుతాయి కదా! పోయిన బండ్ల నుంచి తీసిన కార్బొరేటరు, కిక్ రాడ్డు, హెడ్‌లైటు రింగు దొరికాయి. ఒకతను మొత్తం ఇంజనే చూపించాడు. 'బాబాయ్ గారూ, ఇది బిగించెయ్యండి, పనైపోద్ది' అన్నాడు. నాకు ఆశ పుట్టింది. నాన్న ఒప్పుకోలేదు. ఇంజను గుల్ల మీద నంబరుంటుంది, ఆర్.సి.లో ఉన్న నంబరు అదే. పక్క బండి గుల్ల తెచ్చి బిగిస్తే రేపు రవాణా ఆఫీసులో దొంగబండి కింద నిలబడాలి. లోపలి సామాను ఎంతైనా మార్చుకోండి, గుల్లా చాసిస్సూ మాత్రం మీవే ఉండాలి.

ఇంట్లో నాన్న మేకుల డబ్బా కూడా ఒక చిన్న ఆటోనగరే. క్లచ్ నట్టు విప్పడానికి ప్రత్యేకమైన పానా కావాలి. నాన్న దగ్గరున్నది నీళ్ల పైపు ముక్క, దానికి ఆకురాయితో కోసిన నాలుగు పళ్లు. ముప్ఫయ్యేళ్ల కిందటిది, ఇప్పటికీ పట్టు వదల్లేదు. కరెంటు పాయింట్ల మధ్య సందు సరిచూడటానికి ఆయన కొలబద్ద మా చిన్నాన్న పెళ్లి శుభలేఖ అట్ట. మేస్త్రీ తన గేజి పెట్టి చూసి, 'సరిగ్గానే ఉందండీ' అని తల గోక్కున్నాడు.

ఎనిమిదో ఆదివారం వెనక చక్రం విప్పాను. కాలి బ్రేకు నుంచి వచ్చే తీగ చక్రం దగ్గర బయటికొచ్చే చోట తెగి ఉంది. దానికి ఇంకో తీగ ముక్క కలిపి, కరెంటు వైర్లు జతచేసే ఇత్తడి కనెక్టరుతో బిగించి ఉంది. రెండు చిన్న స్క్రూలు. అంతే.

'ఇదెప్పుడు వేశారు నాన్నా?'

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. 'తొంభై ఒకటిలో. చెల్లిని కాన్వెంటులో చేర్చిన నెల. నేనొక్కణ్ణే బ్యారేజీ దిగి వస్తుంటే తెగింది.'

'అప్పుడే కొత్తది వేయించాల్సింది కదా!'

'వేయిద్దామనే. ఒకటో తారీఖు వచ్చేసరికి ఇంకేదో ఖర్చు ముందు నిలబడేది.'

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. అమ్మ, చెల్లి, నేను ఎన్నేళ్లు ఆ రెండు స్క్రూల మీద తిరిగాం! మంగళగిరి తిరునాళ్లకి కూడా వెళ్లొచ్చాం. అదే మాట కాస్త గట్టిగానే అన్నాను.

నాన్న గొంతు పెంచలేదు. 'తెలుసురా. అందుకే ఇరవై అయిదు దాటేవాణ్ణి కాదు' అన్నారు.

నాకు వెంటనే మాట రాలేదు. ప్రతి ఆదివారం తలంటు ముందు ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని స్కూటరు వెనకాల నేల మీద పడుకునేవారు. బండి మీద ముచ్చట అనుకునేవాళ్లం. వీధంతా చెప్పుకున్న జోకు విని ఆయన కూడా నవ్వేవారు. ఒక్కసారైనా కారణం చెప్పలేదు. చెప్తే అమ్మ బండెక్కేది కాదు, ఎక్కకపోతే రిక్షా ఖర్చు.

ఆయన చేసింది సరైన పనని మాత్రం నేననను. నాన్న కూడా అనలేదు. 'అదృష్టం బాగుండి గడిచిపోయింది. నువ్వట్లా చెయ్యకు' అన్నారు. అందుకే పాత బండి చేయించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పానా పైపుతో చేసుకోండి, రేకు బీరువాది వేసుకోండి, అద్దం ఆటోనగర్లో ఏరుకోండి. బ్రేకు, టైరు, హ్యాండిలు జోలికొస్తే మాత్రం కొత్త సామానే. మేం బ్రేకు తీగలు, బ్రేకు షూలు, టైర్లు, ట్యూబులు అన్నీ కొత్తవి వేయించాం. ఇంజనులో ఎండి గట్టిపడిన ఆయిలు సీళ్లు కూడా మార్చాం. ఇత్తడి కనెక్టరు పారేయబోతే నాన్న తీసుకుని మేకుల డబ్బాలో వేసుకున్నారు. 'ఎందుకైనా పనికొస్తుంది' అన్నారు.

ఆర్.సి. గడువు 2013లోనే తీరిపోయింది. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి. ఇన్‌స్పెక్టరు బండి చూసి, నంబర్లు సరిపోల్చుకున్నారు. ఆలస్యానికి జరిమానా, హరిత పన్ను, ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు అన్నీ అయ్యాక బండి మళ్లీ బండైంది. లెక్క చూస్తే మొత్తం పంతొమ్మిది వేలు దాటింది. ఆ డబ్బు పెట్టి ఏం కొనుక్కోవచ్చో మా ఆవిడ వివరంగా చెప్పింది.

మొన్న ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్ల ఆయిలు. ఇప్పుడు బంకుల్లో కలిపి పొయ్యరు కాబట్టి, దగ్గు మందు మూతతో అమ్మ కొలిచి పోసింది. పక్కకి వంచి, చోకు లాగి, నాలుగో కిక్కుకి అందుకుంది. ఆ చప్పుడికి పిల్లి గోడ దూకింది. పక్కింటి మామ్మగారు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

నేను నడిపాను. నాన్న వెనక కూర్చున్నారు. బ్యారేజీ మీద గాలి చల్లగా ఉంది. ఆయన్ని కూర్చోబెట్టుకున్నానన్న భయంతో ముల్లు ఇరవై అయిదు దాటనివ్వలేదు. సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి నవ్వుతూ వెళ్లారు.

నాన్న నా భుజం తట్టారు.

'కొత్త బ్రేకేగా, కొంచెం పోనీరా!'