గీతలు పెడదాం, కారణం పట్టుకుందాం



అన్నం ఒకరోజు మెత్తగా, ఒకరోజు పలుకుగా ఉంటే మనం వంటక్కను తిట్టుకుంటాం. తిడితే అన్నం బాగుపడదు. లెక్క రాస్తే బాగుపడుతుందని నా అభిప్రాయం.

1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన టెలిఫోన్ సామాన్ల తయారీ కోసం ఒక పటం గీశారు. మధ్యలో సగటు గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. హద్దుల లోపల ఉంటే మామూలు తేడా. హద్దు దాటితే ఏదో ప్రత్యేక కారణం ఉన్నట్టు, దాన్ని వెతకాలి. జపాన్‌లో ఇషికావా గారు ఇలాంటి తేలిక పద్ధతులు ఏడింటిని ఫ్యాక్టరీ కార్మికులందరూ నేర్చుకోవాలన్నారు. అందులో ఒకటి గీతల లెక్క.

ఇది మనకు కొత్త కాదు. మా అమ్మకు చదువు రాదు. అయినా కూలికెళ్లిన రోజులు బొగ్గుతో గోడ మీద గీసి, మేస్త్రీకి కరెక్టుగా లెక్క చెప్తుంది.

మెస్సు గోడకు ఒక కాగితం అంటిద్దాం. అన్నం బాగోని రోజు ఏం మారిందో చూద్దాం. కొత్త బస్తానా? పచ్చి కట్టెలా? నీళ్ల కొలత తప్పిందా? దాని ఎదురుగా ఒక గీత పెడదాం. నెల తర్వాత ఎక్కువ గీతలున్న దాన్ని ముందు సరిచేయమని మేడం గారిని అడుగుదాం. తప్పు వంటక్కది కాకపోవచ్చు కదా!

– 9వ తరగతి విద్యార్థిని