నెట్ ఆపితే ఎవరి పని పోయింది?

కపిలేశ్వరపురం మండలం అంగరలో నేతన్నకు ఇల్లే పనిచోటు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక సాఫ్ట్‌వేర్ పిల్లలకూ అదే అయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి కొలువంటే హైదరాబాదే అన్న కంపెనీలు, ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఇంటికి పొమ్మన్నాయి. గోదావరి గట్టున కూర్చుని అమెరికా పని చేయొచ్చని తేలింది. మరి ఇరవై ఏళ్లు అందరినీ ఒక్క నగరం చుట్టూ తిప్పిందెందుకు?

ఆ సంబరమూ ఎన్నాళ్లు? 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది, కపిలేశ్వరపురం అందులో చేరింది. మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ దహనాన్ని, ఆ ఓర్వలేనితనాన్ని మేం ఖండిస్తున్నాం. కానీ సర్కారు చేసిందేమిటి? జిల్లాలో మొబైల్ నెట్ బంద్, అదీ రెండు వారాల దాకా! ఉద్యమాల్లో ఉన్నవాళ్లం, బంద్ అంటే మాకు తెలుసు. ఇది సర్కారు చేసిన బంద్. లాగిన్ కావాల్సిన పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్లకు పరుగెత్తారు.

ఇంటర్నెట్ మీద వృత్తి, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని, నిరవధికంగా ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులు బయటపెట్టాలని 2020 జనవరిలోనే కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు అమలాపురానికి వర్తించదా?

ఆపక తప్పని రోజున కూడా పని చేసుకునేవాళ్లకు మండలానికో లైనైనా తెరిచి ఉంచాలి. పని పోయిన రోజులకు పరిహారం ఎవరిస్తారో ఆ ఉత్తర్వులోనే రాయాలి.